ఆంధ్రదేశంలో యవన నాణేలు

యవన నాణేలు అనగా ప్రాచీన గ్రీకులు, వారి తరువాత రోమనులు ముద్రించిన నాణేలు. ప్రాకృత, సంస్కృత గ్రంథాలలో యవనులు అనే మాట మొదట గ్రీకులకు చెల్లినది. తరువాతి కాలంలో పడమటి సముద్రం మీదుగా వచ్చిన రోమను సామ్రాజ్యపు వర్తకులను కూడ అదే పేరుతో పిలిచినారు. ఏథెన్సు, కోరింథు వంటి గ్రీకు నగర రాజ్యాల నాణేలు ఆంధ్రదేశపు తవ్వకాలలో చెప్పుకోదగినన్ని బయటపడలేదు. అయితే గ్రీకు నాణెపు పద్ధతి, అనగా ఒక వైపు రాజు ముఖము, దాని చుట్టు అక్షరములు ఉండే పద్ధతి, వాయవ్య భారతము నుండి శకుల ద్వారా శాతవాహనుల టంకశాలలకు చేరినది. రోమను బంగారు, వెండి నాణేలు మాత్రం నెల్లూరు, వినుకొండ, నల్లగొండ, కృష్ణా ప్రాంతాలలో కుండల కొద్దీ దొరికినవి. దొరికిన వాటిలో కరిగిపోగా మిగిలినవే నేడు మనకు తెలిసినవి.

గ్రీకు నాణెము, దాని ప్రయాణము

లోహపు ముక్కపై రాజముద్ర వేసి చెలామణి చేయడం పశ్చిమాసియాలోని లిడియా రాజ్యంలో క్రీ.పూ. 7వ శతాబ్దంలో మొదలైనది. ఆ తొలి నాణేలు బంగారము, వెండి కలిసిన సహజ మిశ్రమంతో చేసినవి. దీనిని గ్రీకు నగరాలు వెంటనే అందిపుచ్చుకున్నవి. ఏథెన్సు వారి వెండి నాణెము మీద ఒక వైపు ఎథీనా దేవత తల, రెండవ వైపు గుడ్లగూబ ఉండేవి. నాలుగు డ్రాక్మాల విలువ గల ఈ నాణెము తూకము సుమారు 17.2 గ్రాములు. నాణేల సేకరణ చేయువారు నేటికీ ఎక్కువగా కోరుకొనే ప్రాచీన నాణేలలో ఇది ఒకటి.

అలెగ్జాండరు క్రీ.పూ. 326లో పంజాబు వరకు వచ్చి వెనుదిరిగినాడు. అతని అనుయాయుల వారసులు బాక్ట్రియాలో, అనగా నేటి ఉత్తర ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతంలో స్థిరపడి, క్రీ.పూ. 2వ శతాబ్దంలో హిందూకుష్ దాటి భారతదేశంలో ప్రవేశించినారు. వీరినే ఇండో-గ్రీకులు అంటారు. వీరి నాణేలకు ఒక ప్రత్యేకత కలదు. ఒక వైపు గ్రీకు భాషలోను, రెండవ వైపు ఖరోష్ఠీ లిపిలో ప్రాకృత భాషలోను రాజు పేరు ఉంటుంది. అగథోక్లీస్ అనే రాజు కొన్ని నాణేలపై ఖరోష్ఠికి బదులు బ్రాహ్మీ లిపిని వాడినాడు. ఆఫ్ఘనిస్తాన్‌లోని ఐ ఖానుమ్ వద్ద 1970లో బయటపడిన ఇతని వెండి నాణేలపై నాగలి పట్టిన బలరాముడు, చక్రము పట్టిన వాసుదేవుడు ఉండడం విశేషము.

ఈ రెండు భాషల నాణేలు తెలుగువారికి మరొక విధంగా ముఖ్యమైనవి. 19వ శతాబ్దము మొదట్లో బ్రాహ్మీ లిపిని చదవగలవారు ఒక్కరు కూడ లేరు. అశోకుని శాసనాలు, అమరావతి స్తూపపు రాతి పలకలపై గల దాన శాసనాలు అందరి కళ్ళ ఎదుట ఉండియు మూగవిగా ఉండిపోయినవి. 1836లో క్రిస్టియన్ లాసెన్ అనే పండితుడు అగథోక్లీస్ నాణెముపై గ్రీకులో ఉన్న పేరు ఆధారంగా, వెనుక వైపు ఉన్న బ్రాహ్మీ అక్షరాలను పోల్చుకున్నాడు. ఆ మరుసటి ఏడు జేమ్స్ ప్రిన్సెప్ సాంచీ స్తూపపు దాన శాసనాలలో మాటిమాటికి వచ్చే 'దానం' అనే మాటను పట్టుకొని బ్రాహ్మీ లిపిని దాదాపు పూర్తిగా చదివినాడు. ఖరోష్ఠీ లిపి కూడ ఇండో-గ్రీకు నాణేల సహాయంతోనే తెలియవచ్చినది. నేటి తెలుగు లిపికి మూలము ఆ బ్రాహ్మియే. అరచేతిలో ఇమిడే వెండి బిళ్ళ ఒకటి లేకున్నచో మన పూర్వుల శాసనాలు ఇంకెంత కాలము మూగవై ఉండెడివో చెప్పలేము.

భాషలో కూడ ఈ నాణేల జాడ మిగిలినది. గ్రీకు డ్రాక్మా ప్రాకృతంలో ద్రమ్మ అయినది. ఉత్తర భారతపు దామ్, దాని నుండి దమ్‌డీ, మన దమ్మిడీ ఆ మాట సంతతియే. రోమను దీనారియస్ దీనారమైనది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల నాటి శాసనము ఒకటి, రాణి రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకములు దానము చేసినట్లు చెప్పుచున్నది.

శకుల నుండి శాతవాహనులకు

క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్ అనే గ్రంథంలో ఒక ఆసక్తికరమైన విషయము కలదు. అపొల్లొడోటస్, మినాండర్ అనే రాజులు ముద్రించిన పాత డ్రాక్మాలు తన కాలంలో కూడ భరుకచ్ఛము, అనగా నేటి భరూచ్ రేవులో చెలామణిలో ఉన్నవని ఆ రచయిత చెప్పినాడు. మినాండర్ మరణించి అప్పటికి సుమారు రెండు వందల ఏళ్ళు. బౌద్ధ వాఙ్మయంలో నాగసేనుని ప్రశ్నించిన మిళిందుడు ఈ మినాండరే.

ఆ ప్రాంతాన్ని ఏలిన పశ్చిమ క్షత్రపులు, అనగా శకులు, ఆ డ్రాక్మాలనే అనుకరించి వెండి నాణేలు వేసినారు. నహపానుని నాణెముపై ఒక వైపు అతని ముఖము, చుట్టు గ్రీకు అక్షరాలు ఉన్నవి. కాని అక్షరాలే గ్రీకువి, భాష ప్రాకృతము. 'రాజు క్షహరాతుడైన నహపానునిది' అని దాని భావము. వెనుక వైపు బాణము, వజ్రాయుధము, వాటి చుట్టు బ్రాహ్మీ, ఖరోష్ఠీ లిపులలో అదే మాట.

గౌతమీపుత్ర శాతకర్ణి ఈ నహపానుని వంశాన్ని నిర్మూలించినాడు. అతని తల్లి గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనము అతనిని శక, యవన, పహ్లవులను నాశనము చేసినవానిగా కీర్తించుచున్నది. శాసనాలలో పొగడ్త సహజము కనుక ఆ మాటను ఎంతవరకు నమ్మవలెనన్న సందేహము రావచ్చును. దానికి సమాధానము 1906లో నాసిక్ సమీపాన జోగల్‌తెంబి అనే గ్రామంలో దొరికినది. అక్కడ ఒక నిధిలో 13,250కి పైగా వెండి నాణేలు బయటపడినవి. అన్నియు నహపానునివే. అయితే వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేలపై గౌతమీపుత్రుడు తన ముద్రను తిరిగి కొట్టించినాడు. నహపానుని చెంపపై మూడు కమానుల చైత్యము, వెనుక వైపు ఉజ్జయినీ చిహ్నము పడినవి. కొన్ని నాణేలలో కొత్త ముద్ర కింద నుండి పాత రాజు ముక్కు, కన్ను, గ్రీకు అక్షరాలు ఇంకను తొంగి చూచుచుండును. ఓడిన రాజు నాణేన్ని కరిగించకుండ దానిపైనే తన గుర్తు కొట్టుట వలన పని త్వరగా జరిగినది, విజయ వార్త ప్రతి సంతకూ చేరినది.

గౌతమీపుత్రుని కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి, అతని తరువాతి రాజులు వెండి నాణేలపై తమ ముఖాలనే ముద్రించినారు. వీటిని శాతవాహనుల రూపచిత్ర నాణేలు అంటారు. ఇవి చాల అరుదు. వీటిలో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెము ఒకటి 1882లో బొంబాయి సమీపాన సొపారా స్తూపంలో భగవాన్‌లాల్ ఇంద్రజీకి దొరికినది. ముఖము ఉన్న వైపు ప్రాకృతంలో 'రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస' వంటి వ్రాత ఉంటుంది. రెండవ వైపు ఉజ్జయినీ చిహ్నము, ఆరు కమానుల కొండ, దాని కింద నది ఉంటవి. ఆ వైపు వ్రాత మాత్రము ప్రాకృతము కాదు, ఒక ద్రావిడ భాష. అందులో కుమారుడు అనే అర్థము గల 'మకన' శబ్దము, 'కు' ప్రత్యయము కనిపించును. ఈ భాష నాటి తమిళమని కొందరు, తెలుగుకు దగ్గరి దేశభాష అని మరికొందరు వాదించినారు. పండితులలో ఏకాభిప్రాయము కుదరలేదు. ఏది ఏమైనను గ్రీకు, ఖరోష్ఠీ అక్షరాలు ఉండవలసిన చోటికి దక్షిణాది దేశభాష వచ్చి చేరినదన్న మాట స్పష్టము. ఇండో-గ్రీకుల రెండు భాషల నాణెపు సంప్రదాయము ఇక్కడితో మన నేలకు పూర్తిగా అలవడినది.

సామాన్యుల చేతులలో తిరిగిన శాతవాహన నాణేలు వెండివి కావు. కోస్తా ఆంధ్రలో అవి ఎక్కువగా సీసపువి. భారతదేశంలో సీసము, రాగి లేవని, ముత్యాలు, రత్నాలు ఇచ్చి వాటిని కొనుక్కొందురని ప్లినీ అనే రోమను రచయిత వ్రాసినాడు. సీసము భరుకచ్ఛానికి దిగుమతి అయినట్లు పెరిప్లస్ కూడ చెప్పుచున్నది. కాని ప్లినీ మాటను అక్షరాలా తీసుకొనరాదు. వినుకొండకు సమీపాన అగ్నిగుండాల ప్రాంతంలోనే సీసపు ఖనిజము కలదు. కోరమండల తీరంలో దొరికిన కొన్ని సీసపు నాణేలపై రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉన్నది. సముద్ర వాణిజ్యానికి ఇంతకంటె సూటియైన సాక్ష్యము మరి లేదు.

రోమను నాణేలు

ఏ సంవత్సరమూ ఐదు కోట్ల సెస్టర్సులకు తగ్గకుండ రోమను ధనాన్ని భారతదేశము లాగుకొనుచున్నదని ప్లినీ వాపోయినాడు. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు వస్త్రాలు ఇక్కడి నుండి పోయేవి. మసాలియా ప్రాంతంలో, అనగా కృష్ణా ముఖద్వారపు సీమలో, సన్నని వస్త్రాలు ఎక్కువగా తయారగునని పెరిప్లస్ పేర్కొన్నది. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ ఇదే సీమను మైసోలియా అని, అందులోని ఒక పట్టణాన్ని కొంటకొస్సిల అని వ్రాసినాడు. ఇది శాసనాలలోని కంటకసెల, నేటి ఘంటసాల.

ఆంధ్రదేశంలో రోమను నాణేల గురించి తెలిసిన పాత వృత్తాంతము నెల్లూరుకు చెందినది. 1786లో నెల్లూరు సమీపాన ఒక రైతు రాతి గుట్ట పక్కన నేల దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలినది. తవ్వి చూడగా అది చిన్న గుడి శిథిలము. దాని కింద చిన్న కుండ, అందులో రోమను బంగారు నాణేలు ఉన్నవి. రైతు వాటిని పాత బంగారము కింద అమ్మినాడు. చాల భాగము కరిగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను తిరిగి రాబట్టగలిగినాడు. మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూచి, ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినా నాణేలు ఉన్నట్లు వ్రాసిన లేఖ ఆసియాటిక్ రిసెర్చెస్ రెండవ సంపుటంలో అచ్చయినది. అవి టంకశాల నుండి నేరుగా వచ్చినట్లు కొత్తగా ఉన్నవట. ఆ కుండలో మొత్తము ఎన్ని ఉండెడివో ఎవరును లెక్కించలేదు. నాణేల చరిత్రలో ఇట్టి కథ మాటిమాటికి ఎదురగును. రైతును తప్పు పట్టనక్కరలేదు. బంగారానికి ఆనాడు ఉన్న ధర బంగారపు ధరే.

తరువాత 1889లో వినుకొండలో 15 బంగారు నాణేలు దొరికినవి. వీటిలో టైబీరియస్ మొదలు కారకల్లా వరకు, అనగా సుమారు రెండు శతాబ్దాల చక్రవర్తుల నాణేలు ఉన్నవి. కృష్ణా జిల్లాలో నాగవరప్పుపాడు వద్ద కూడ రోమను బంగారు నాణేల నిధి బయటపడినది. సంఖ్య దృష్ట్యా పెద్దది నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లి నిధి. ఇందులో 1,531 వెండి దీనారియస్‌లు ఉన్నవి. వాటిలో అధిక భాగము ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. భారతదేశంలో దొరికే వెండి రోమను నాణేలు సాధారణంగా ఈ ఇద్దరివే కావడానికి కారణము లేకపోలేదు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దీనారియస్ తూకాన్ని, వెండి పాలును తగ్గించినాడు. ఇక్కడి వర్తకులు నాణెము మీది ముఖాన్ని చూచి కాక లోహాన్ని చూచి పుచ్చుకొనెడివారు కనుక, నాసిరకపు కొత్త వెండి కంటె పాత నాణేలనే కోరినారని పండితుల అభిప్రాయము.

దక్షిణాదిన దొరికిన పలు రోమను నాణేలపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు కనిపించును. తమిళనాడులోని పుదుక్కోటలో 1898లో దొరికిన 501 బంగారు నాణేలలో అత్యధిక భాగము ఇట్లే ఉన్నవి. లోహపు స్వచ్ఛతను పరీక్షించుటకు వేసినవని కొందరు, నాణెము తిరిగి చెలామణి కాకుండ రద్దు చేయుటకు వేసినవని మరికొందరు అందురు.

రోమను నాణెము ఇక్కడ డబ్బుగానే కాక నగగా కూడ ప్రియమైనది. హైదరాబాదుకు పడమరన ఉన్న కొండాపురంలో 1940-42 మధ్య గులాం యజ్దానీ జరిపిన తవ్వకాలలో టైబీరియస్ నాణెపు మట్టి నకళ్ళు దొరికినవి. బంగారు నాణెము కొనలేనివారు మట్టి బిళ్ళను మెడలో ధరించియుందురు. తెలుగు ఇళ్ళలోని కాసులపేరుకు ఇంత పాత పూర్వరూపము ఉన్నదని తలచుటలో తప్పు లేదు.

సేకరించినవారు

ఆంధ్రదేశంలో నాణేల సేకరణను క్రమపద్ధతిలో మొదలు పెట్టినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు, ముఖ్యంగా కావలి బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య. మెకంజీ మరణానంతరము హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన పట్టికలో 6,218 నాణేలు లెక్కకు వచ్చినవి. తరువాత ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపంతో పాటు ఈ ప్రాంతపు సీసపు నాణేలపైన శ్రద్ధ వహించినాడు. ఆయన దక్షిణ భారత నాణేల గ్రంథము 1886లో వెలువడినది. రాబర్ట్ సీవెల్ 1904లో భారతదేశంలో దొరికిన రోమను నాణేలన్నిటికి పట్టిక కూర్చినాడు. ఇ.జె. రాప్సన్ 1908లో వెలువరించిన బ్రిటిషు మ్యూజియపు ఆంధ్ర, క్షత్రప నాణేల జాబితా నేటికీ ప్రాథమిక గ్రంథమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పక్షాన పరమేశ్వరీలాల్ గుప్తా అమరావతి విద్ధాంక నాణేల నిధిపై 1963లోను, ఆంధ్రప్రదేశ్‌లోని రోమను నాణేలపై 1965లోను గ్రంథాలు ప్రకటించినారు.

పండితులు కాని సేకర్తల పాత్ర తక్కువది కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాల దిబ్బ మీద దొరికిన చిన్న నాణేలను ధర్మపురి ప్రాంతపు సంగనభట్ల నరహరి శర్మ ఓపికగా సేకరించినారు. వాటిని శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి చూడగా గోబద, నారన, సమగోప వంటి అంతకుముందు తెలియని రాజుల పేర్లతో పాటు 'చిముక' అనే పేరు బయటపడినది. ఇతడే పురాణాలలో శాతవాహన వంశ స్థాపకునిగా చెప్పబడిన సిముకుడని, కనుక ఆ వంశము తొలి స్థానము తెలంగాణమేనని వాదము బలపడినది. పడమటి దక్కనును మూలంగా చెప్పే పండితులు దీనిని అంగీకరించలేదు. ఆ చర్చ ముగియలేదు. ఆ బిళ్ళలను ఎవరును ఏరకయుండిన, లేదా ఏరినవారు దొరికిన చోటు చెప్పకయుండిన, చర్చకే అవకాశము ఉండెడిది కాదు.

నూజివీడు పరిసరాలు

నూజివీడు పేరు వినగానే రసాలు, బంగినపల్లి మామిడి గుర్తుకు వచ్చును గాని నాణేలు గుర్తుకు రావు. ఇది మెట్ట సీమ. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలోను, ఆ తరువాత ఏలూరు జిల్లాలోను ఉన్నది. దీనికి దక్షిణాన డెల్టాలో గుడివాడ, ఘంటసాల, ఈశాన్యాన కామవరపుకోట వద్ద గుంటుపల్లి బౌద్ధ గుహలు కలవు. గుడివాడ దిబ్బల వద్ద సీసపు నాణేలు దొరికిన సంగతి 19వ శతాబ్దపు నివేదికలలో కనిపించును.

నాణేల విషయంలో గుంటుపల్లి చేసిన మేలు ఒకటి చెప్పుకొనవలెను. తీరాంధ్రలో 'సద' అనే అంతము గల పేర్లతో నాణేలు దొరకుచుండెడివి. అమరావతి శాసనంలోని శివమకసదుని కూడ శాతవాహన రాజుగానే భావించినారు. గుంటుపల్లి రాతి స్తంభాల శాసనంలో 'కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహన వంశజుడు సిరి సద మహారాజు' అని, అతని లేఖకుడు ఒక మండపము దానము చేసినట్లు కనిపించుటతో చిక్కు విడినది. ఈ సద రాజులు ఖారవేలుని మహామేఘవాహన వంశానికి చెందిన వేరు రాజులని తేలినది. గుంటూరు జిల్లాలోని వడ్డమాను తవ్వకాలలో దొరికిన సద నాణేలు దీనిని బలపరచినవి.

చట్టము, జాగ్రత్తలు

భూమిలో దొరికిన నిధికి 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టము వర్తించును. పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినవారు దాని పరిమాణము, దొరికిన స్థలము, తేదీ తెలుపుతూ కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలియజేయవలెను. దాచినవారి వారసులు ఎవరును లేరని విచారణలో తేలినచో, వేరే ఒప్పందము లేని పక్షంలో కనుగొన్నవానికి నాలుగింట మూడు వంతులు, భూయజమానికి ఒక వంతు చెందును. ప్రభుత్వము నిధిని తీసుకొనదలచిన, లోహపు విలువకు ఐదవ వంతు కలిపి చెల్లించును. తెలుపక దాచినవాడు తన వాటాను కోల్పోవుటయే కాక శిక్షార్హుడగును. దొరికినది సర్కారు ఊరకనే లాగుకొనునన్న భయము పల్లెలలో ఎక్కువ. ఆ భయము వలననే చాల నిధులు కంసాలి కుంపటికి చేరుచున్నవి. నూరేళ్ళు దాటిన నాణేలకు 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము కూడ వర్తించును. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. వాటి వ్యాపారానికి లైసెన్సు అవసరము.

అంగళ్ళలో నకిలీ గ్రీకు, రోమను నాణేలు మెండు. అచ్చులో పోసిన నకిలీకి అంచు చుట్టు సన్నని అతుకు గీత, ఉపరితలముపై చిన్న గాలి బుడగల గుంటలు ఉండును. అసలు నాణెము సుత్తితో కొట్టినది కనుక ఈ గుర్తులు ఉండవు. తూకము మరొక పరీక్ష. ఆగస్టస్ దీనారియస్ సుమారు 3.8 గ్రాములు, క్షత్రప, శాతవాహన వెండి నాణేలు సుమారు 2 గ్రాములకు పైన ఉండును. పాత నాణేలను చింతపండుతో తోమి మెరిపించరాదు. పై పొరతో పాటు అక్షరాలు పోవును. సీసపు నాణేలను కొయ్య బీరువాలలో ఉంచరాదు. కొయ్య నుండి వెలువడే ఆమ్లపు ఆవిరికి సీసము తెల్లని పొడిగా మారి రాలిపోవును. సీసము విషము కనుక ముట్టుకొన్న తరువాత చేతులు కడుగుకొనవలెను.

తెలుగు ప్రాంతపు నాణేలను హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలోను, విజయవాడ బాపు మ్యూజియంలోను చూడవచ్చును. పెద్దబంకూరు తవ్వకాలలో వేల సంఖ్యలో దొరికిన శాతవాహన నాణేలు హైదరాబాదు సేకరణకు చెందినవి. మద్రాసు రాజధాని కాలంలో కోస్తా జిల్లాలలో దొరికిన నాణేలు అనేకము చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరినవి.